వైద్యుని నాడి పట్టేదెవరు?

దాచడమూ తప్పే, తరమడమూ తప్పే - వైద్యం చేయించి ఐదేళ్లు కనిపెట్టి వుండడమే మేలు

జన్వాడ: మెహిదీపట్నం నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే ఆర్టీసీ బస్సు రోడ్డెక్కే ముందు, డిపోలో డ్రైవరు చేత ఒక చిన్న యంత్రపు గొట్టంలో ఊదిస్తారు. రాత్రి తాగిన మందు ఛాయ పొద్దుటికి మిగిలివున్నా ఆ యంత్రం పట్టేస్తుంది. ఇక ఆ పూటకు ఆయన చేతికి బస్సు ఇవ్వరు. యాభై మంది ప్రాణాలు ఆ చేతిలో వుంటాయి గనుక ఈ పద్ధతిని ఎవరూ తప్పు పట్టరు.

మరి సూది పట్టే చేతి మాటేమిటి? కాన్పు చేసే చేయి, ఆపరేషను బల్ల దగ్గర మత్తు ఇచ్చే చేయి, మందు కొలిచి పోసే చేయి వణుకుతుంటే చూసేవారెవరు? రోగి నాడిని వైద్యుడు పడతాడు. వైద్యుని నాడి పట్టేవారెవరు?

జన్వాడ వంటి గ్రామాల వారికి జబ్బు చేస్తే ముందు ఊళ్లో వున్న ఆర్.ఎం.పి., తరువాత సర్కారు ఉపకేంద్రంలో నర్సమ్మ, ఆపైన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అదీ దాటితే చేవెళ్ల దవాఖాన గాని, నగరం గాని. ఈ మెట్లలో ఏ ఒక్క మెట్టు విరిగినా పడేది పేదవాడే. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో నేడు వైద్య కళాశాలలు కూడా వున్నాయి. ఏటా ఎందరో యువకులు, యువతులు డాక్టర్లై బయటికి వస్తున్నారు. 2024 అక్టోబరులో ఊళ్లోని ఒక ఫామ్‌హౌస్‌ను పోలీసులు, ఎక్సైజ్ వారు తనిఖీ చేసినప్పుడు జన్వాడ పేరు రాష్ట్రమంతా వినిపించింది. అయితే మత్తు విందుల్లో మాత్రమే వుండదు. దవాఖానలో మందుల బీరువాలోనూ వుంటుంది. దాని తాళం వైద్య సిబ్బంది చేతిలోనే వుంటుంది.

రెండు తప్పుదారులు

ఇటువంటి సంగతి పల్లెల్లో ఎప్పుడూ గుసగుసగానే మొదలవుతుంది. "సారు దగ్గర వాసన వస్తున్నది" అని ఒకరు, "సిస్టరమ్మ మాట తడబడుతున్నది" అని మరొకరు అంటారు. ఆ తరువాత సాధారణంగా కనిపించేవి రెండే దారులు.

మొదటిది దాచిపెట్టడం. "మంచి హస్తవాసి గల మనిషి, అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వస్తాడు, వున్న ఒక్కణ్ణీ పోగొట్టుకుంటే దిక్కెవరు?" అని ఊరు నోరు మూసుకుంటుంది. తోటి ఉద్యోగులు ఆయన డ్యూటీ తాము చేసి కప్పిపుచ్చుతారు. ఇంటికి పిలవబోతే "జ్వరంతో పడుకున్నారు" అని ఇల్లాలు చెబుతుంది. అందరూ మేలు చేస్తున్నామనుకుంటారు. ఈలోగా జబ్బు ముదురుతుంది.

రెండవది తరిమివేయడం. ఒకరోజు జరగరానిది జరుగుతుంది. జనం మూగుతారు. సెల్‌ఫోనుల్లో తీసిన వీడియోలు ఊరూరా తిరుగుతాయి. బదిలీ అయినా అవుతుంది, సస్పెన్షన్ అయినా వస్తుంది. కాని బదిలీతో జబ్బు పోదు, అది కూడా ఆ మనిషితోపాటే బస్సెక్కి మరో ఊరికి పోతుంది. అక్కడి వారికి ఈ సంగతి తెలియదు.

మొదటి దారిలో రోగికి ముప్పు. రెండో దారిలో రోగికీ ముప్పే, వైద్యునికీ ముప్పే. పరువు, ఉద్యోగం, చేతిలో మందు - ఈ మూడూ ఒక్కచోట చేరినప్పుడు ప్రాణం తీసుకునే ప్రమాదం వుంటుందని మానసిక వైద్యులు హెచ్చరిస్తున్నారు. వీటికి భిన్నమైన మూడో దారి ఒకటి వుంది. పనినుంచి తప్పించి, వైద్యం చేయించి, తిరిగి పనిలో పెట్టి, ఏళ్ల తరబడి కనిపెట్టి వుండడమే ఆ దారి.

తెలిసి తెలిసి ఎందుకు పడతారు?

"అన్నీ చదివినవాడు, మందుకు బానిస ఎట్లా అవుతాడు?" అనే ప్రశ్న సహజం. చదువు వ్యసనానికి అడ్డుగోడ కాదు. ఒక్కొక్కసారి చదువే ద్వారం తెరుస్తుంది. ఎంత మోతాదు వేసుకుంటే ఏమవుతుందో తనకు తెలుసునని, తాను అదుపు తప్పనని వైద్యుడు నమ్ముతాడు. నిద్ర పట్టని రాత్రి ఒక మాత్ర, నడుం నొప్పికి ఒక సూది అంటూ మొదలవుతుంది. అమెరికాలో జరిగిన పరిశీలనలను బట్టి, వైద్యుల్లో నూటికి 10 నుంచి 15 మంది వరకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యం లేదా మత్తుమందుల సమస్యలో పడుతున్నారు. మామూలు జనంలోనూ దాదాపు అంతే. అంటే తెల్లకోటు ఎవరినీ కాపాడదన్న మాట.

వైద్యుల్లో ఎక్కువమందిని పడగొట్టేది మద్యమే. ఆ తరువాత ఆపరేషను నొప్పికి ఇచ్చే పెథిడిన్, మార్ఫిన్, ఫెంటానిల్ వంటి సూదిమందులు, నిద్రమాత్రలు. మత్తు ఇచ్చే వైద్యులు ఈ సూదిమందులకు అందరికంటే దగ్గరగా వుంటారు గనుక వారికి ముప్పు హెచ్చు. దీనికి తోడు నిద్ర లేని డ్యూటీలు. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో నివేదిక ఇస్తూ, పి.జి. చదివే డాక్టర్లకు వారానికి 74 గంటలకు మించి పని వుండరాదని, వారానికొక సెలవు తప్పక ఇవ్వాలని సిఫారసు చేసింది. అలా చెప్పవలసి వచ్చిందంటే పరిస్థితి ఎట్లా వుందో ఊహించుకోవచ్చు.

మత్తు మానడం మనసు గట్టిచేసుకుంటే చాలునన్నది కూడా అపోహే. ఈ సంగతి తెలంగాణ పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు ఏమైందో చాలామందికి గుర్తుండే వుంటుంది. కల్లులో కలిపిన అల్ప్రాజోలం వంటి మందులకు అలవాటు పడ్డవారు, అవి ఒక్కసారిగా అందకపోయేసరికి వణుకుతూ, మూర్ఛలతో, పిచ్చిచూపులతో దవాఖానలకు వరుసకట్టారు. నగరంలోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కూడా తీసుకుపోయారు. వారిలో ఎవరూ మనసు లేనివారు కారు. శరీరం ఆ మందుకు కట్టుబడిపోయింది, అంతే. డాక్టరు శరీరమూ అలాంటిదే.

రబ్బరు తొడుగుల వెనుక కథ

నేడు ఉపకేంద్రంలో నర్సమ్మ చేతికి వేసుకునే రబ్బరు తొడుగులు ఆపరేషను గదిలోకి రావడానికి కారకులలో ముఖ్యుడు విలియం హాల్‌స్టెడ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు. 1889-90 ప్రాంతంలో ఆపరేషను గదిలో వాడే మందునీళ్లకు ఒక నర్సు చేతులు పుండ్లు పడుతుంటే, ఆమె కోసం ఆయన రబ్బరు కంపెనీ చేత పల్చని తొడుగులు చేయించాడు. తరువాత ఆమెనే పెళ్లాడాడు.

అంతటి వైద్యుడు వ్యసనపరుడు. 1884లో కొకెయిన్ మందుతో శరీరంలో ఒక్క భాగానికే స్పర్శ పోగొట్టవచ్చునని తెలిసి, ఆ మందును తన మీదనే ప్రయోగించి చూసుకుంటూ దానికి బానిస అయ్యాడు. ఆయన మిత్రుడు, వైద్యశాస్త్ర ఆచార్యుడు విలియం వెల్చ్ ఆయన్ని వదులుకోలేదు. 1886లో హాల్‌స్టెడ్ ఒక మానసిక చికిత్సాలయంలో చేరాడు. బయటికి వచ్చాక వెల్చ్ ఆయన్ని బాల్టిమోరు నగరానికి రప్పించి, తన ప్రయోగశాలలో పని ఇచ్చాడు. తరువాత హాల్‌స్టెడ్ అక్కడి జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పెద్ద శస్త్రవైద్యుడై, ఎందరో శిష్యులను తయారుచేశాడు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కొకెయిన్ స్థానంలో మార్ఫిన్ చేరింది. సహోద్యోగి విలియం ఆస్లర్ ఈ సంగతి రాసి సీలు వేసి పెట్టిన కాగితాలు 1969లో బయటపడిన తరువాతనే, హాల్‌స్టెడ్ పేరుప్రతిష్ఠలు వచ్చాక కూడా మార్ఫిన్ తీసుకుంటూనే వున్నాడని లోకానికి తెలిసింది. ఆయనకు ఆదరణ దొరికింది గాని, కనిపెట్టి చూసేవారు దొరకలేదు. 

అదే దేశంలో యాక్రన్ నగరంలో బాబ్ స్మిత్ అనే మరో శస్త్రవైద్యుడు ఏళ్ల తరబడి తాగుడులో మునిగివున్నాడు. తాగుడు మానిన ఒక వ్యాపారి ఆయన్ని కలిసి, ఉపదేశం చేయకుండా తన కథ తాను చెప్పుకున్నాడు. 1935 జూన్ 10న స్మిత్ ఆఖరుసారి తాగాడు. ఆ ఇద్దరి స్నేహం నుంచి పుట్టిందే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘం. పేరు చెప్పనక్కరలేకుండా, రుసుము లేకుండా, తాగుడు మానదలచినవారు ఒకరి ముందు ఒకరు మనసు విప్పి చెప్పుకునే సంఘమది. మన దేశానికి 1957లో వచ్చింది. స్మిత్ 1950లో మరణించేదాకా మళ్లీ తాగలేదు. ఆయన్ని కనిపెట్టి వున్నవారు పై అధికారులు కారు, తనవంటి బాధితులే.

ఐదేళ్ల కట్టుబాటు

ఈ అనుభవాలన్నీ కలిసి అమెరికాలో ఒక పద్ధతిగా రూపొందాయి. 1973లో అక్కడి వైద్యుల సంఘం 'జబ్బుపడిన వైద్యుడు' అనే నివేదికలో, ఇటువంటివారిని గుర్తించి వైద్యం చేయించడం తోటి వైద్యుల ధర్మమని చెప్పింది. ఆ తరువాత ఒక్కొక్క రాష్ట్రంలోనూ ఇందుకోసం ప్రత్యేక కార్యక్రమాలు వెలిశాయి.

పద్ధతి ఇలా వుంటుంది. వ్యసనం బయటపడిన వైద్యుడు వెంటనే పని ఆపాలి. తరచు రెండు మూడు నెలలు చికిత్సాలయంలో వుండాలి. తిరిగి వచ్చాక కాగితం మీద ఐదేళ్ల ఒప్పందం రాస్తాడు. పొద్దున్నే ఒక నంబరుకు ఫోను చేయాలి. ఆ రోజు తన వంతు వచ్చిందని చెబితే పోయి మూత్రపరీక్ష ఇవ్వాలి. ఏ రోజు పిలుస్తారో ముందుగా తెలియదు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు, నమ్మకం కుదిరేకొద్దీ తక్కువసార్లు పిలుస్తారు. తాగిన వాసన పోయినా మద్యం జాడ మూడు నాలుగు రోజులదాకా మూత్రంలో పట్టే పరీక్షలు నేడు వున్నాయి. పనిచేసే చోట ఒక పెద్దవైద్యుడు ఆయన నడవడి చూసి నివేదిక పంపుతుంటాడు. తనవంటి వైద్యులతో వారం వారం కూర్చుని మాట్లాడాలి. మత్తుసూదుల అలవాటు వున్నవారికి ఆ మందు పని చేయకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మాత్రలు ఇస్తారు.

ఒప్పందానికి కట్టుబడినంతకాలం చాలాచోట్ల ఆ వైద్యుని పేరు బయట పెట్టరు. తప్పితే లైసెన్సు ఇచ్చే మండలికి కబురు పోతుంది. అంటే ఒక చేతిలో ఆదరణ, మరో చేతిలో బెత్తం. కాడికి రెండెద్దులూ కట్టారన్న మాట.

ఫలితం ఎట్లా వుంది? 16 రాష్ట్రాల కార్యక్రమాల్లో చేరిన 904 మంది వైద్యుల వివరాలను ఐదేళ్ల కాలానికి పరిశీలించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. వేరే చోటికి మారినవారు పోను మిగిలిన 802 మందిలో, ఐదేళ్ల తరువాత 631 మంది లైసెన్సు కలిగి పనిలో వున్నారు. అంటే నూటికి 78 మందికి పైగా. 87 మంది లైసెన్సు పోయింది. 28 మంది వైద్యం వదిలేశారు లేదా విశ్రాంతి తీసుకున్నారు. 30 మంది చనిపోయారు. 26 మంది ఏమైందీ తెలియలేదు. చికిత్స ముగించి తిరిగి పనిలో చేరిన 647 మందిలో 126 మందికి ఎప్పుడో ఒకసారి పరీక్షలో మత్తు జాడ కనిపించింది. జారినవారిని వెంటనే పట్టుకుని మళ్లీ నిలబెట్టడమే ఈ నిఘా ఉద్దేశం. వ్యసనంలో జారడం అరుదు కాదు. జారిన సంగతి ఆరు నెలలకు తెలియడానికీ, ఆరు రోజుల్లో తెలియడానికీ చాలా తేడా వుంది.

ఈ పద్ధతిలో లోపాలూ లేకపోలేదు. చికిత్స ఖర్చు, పరీక్షల ఖర్చు చాలావరకు వైద్యుడే భరించాలి. తనమీద వచ్చిన ఆరోపణ తప్పని చెప్పుకునే అవకాశం చాలడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి. ఉత్తర కరోలినా రాష్ట్రంలో ప్రభుత్వ ఆడిటరు 2014లో ఇదే మాట ఎత్తిచూపారు. నిఘా పెట్టేవారిమీద కూడా ఒక కన్ను వుండాలని దీన్నిబట్టి తెలుస్తోంది. బ్రిటన్‌లో 2008లో లండన్ నగరంలో మొదలైన కార్యక్రమం బెత్తం కంటే ఆదరణకే పెద్దపీట వేసింది. వైద్యుడు ఎవరి ఉత్తరమూ లేకుండా తానే పోయి చికిత్స పొందవచ్చు.

మన దగ్గర ఏమున్నది?

ఇటువంటి ఐదేళ్ల కట్టుబాటు మన దేశంలో వైద్యవృత్తి అంతటికీ వర్తించేలా ఇంకా ఏర్పడలేదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో ప్రకటించిన నడవడి నియమాలలో, వృత్తికి భంగం కలిగేలా మద్యం, మత్తు వాడడాన్ని దుష్ప్రవర్తనగా పేర్కొన్నారు. ఆ నియమాలను అదే నెలలో నిలిపివేశారు. శిక్ష గురించి ఆలోచన జరిగింది గాని, కోలుకోవడం గురించి అంత ఆలోచన జరగలేదన్నది స్పష్టం.

అయినా చట్టంలో కొన్ని ఆసరాలు వున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కించింది. రోగి వివరాలు గోప్యంగా వుంచాలని చెప్పింది. 1985 నాటి మత్తుమందుల చట్టం 64-ఏ సెక్షను ప్రకారం, కొద్దిపాటి మత్తుమందుతోనో, వాడుతూనో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా ముందుకు వచ్చి, ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ వుంటుంది. డాక్టరుకైనా, కూలీకైనా ఇది ఒక్కటే.

కొరతల్లా వైద్యం దాకా పోయేవారిదే. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీలోని ఎయిమ్స్ జరిపి 2019లో ప్రకటించిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్య సహాయం అందినట్టు తేలింది. అందరి ముందు నిలబడే వైద్యుడు, ఎవరైనా చూస్తారన్న సిగ్గుతో ఆ ఒక్కరిలో చేరడం మరీ కష్టం. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో వ్యసన చికిత్స వుంది. మత్తు మానదలచినవారికి 14446, మానసిక బాధలకు టెలీ మానస్ 14416 నంబర్లలో ఉచితంగా సలహా లభిస్తుంది. ఊళ్లో తెలిసినవారి ముందు నోరు విప్పలేనివారికి ఫోను మంచి ఆసరా.

ఊరు చేయగలిగింది

పెద్ద పద్ధతులు వచ్చేదాకా గ్రామాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. ముందు గుర్తులు తెలుసుకోవాలి. చెప్పాపెట్టకుండా మాయమవడం, చేతిరాత చెదరడం, మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం, నొప్పి సూది వేశామన్నా రోగికి నొప్పి తగ్గకపోవడం, మందుల పుస్తకంలో లెక్క తేలకపోవడం వంటివి తరచుగా కలిసి కనిపిస్తే అనుమానించవలసిందే. అయితే ఒక్క గుర్తు చూసి ముద్ర వేయరాదు. చెయ్యి వణకడానికి థైరాయిడ్ జబ్బు, తడబడడానికి షుగరు తగ్గడం కూడా కారణాలు కావచ్చు.

మత్తులో వున్నారని తెలిస్తే ఆ పూట సూది వేయించుకోవద్దు. అత్యవసరమైతే 108ను పిలిచి వేరే దవాఖానకు పోవాలి. వీడియో తీసి పంచడం వల్ల రోగికి గాని, వైద్యునికి గాని మేలు లేదు. ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికో, జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికో రాతపూర్వకంగా తెలపాలి. ఆ కాగితంలో బదిలీ చేయమని కాక, పరీక్షించి చికిత్స చేయించమని కోరాలి. ఈ ఒక్క మాట తేడాతో ఒక మనిషి బతుకు మారవచ్చు. ఆర్.ఎం.పి.లకు పైన అడిగే మండలి లేదు గనుక వారి విషయంలో ఊరి పెద్దలే పూనుకోవలసి వుంటుంది.

ఇంట్లోవారు గుర్తుంచుకోవలసింది మరొకటి వుంది. ఏళ్ల తరబడి తాగినవారిని గదిలో పెట్టి గొళ్లెం వేసి ఒక్కసారిగా మాన్పించరాదు. మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. నిద్రమాత్రల విషయమూ అంతే. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. మత్తుసూదులు కొన్నాళ్లు మాని మళ్లీ పాత మోతాదు వేసుకుంటే శరీరం తట్టుకోలేదు. చాలా మరణాలు అలా జరిగేవే.

చికిత్స ముగించి తిరిగి వచ్చినవారికి అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. కొంతకాలం బీరువా తాళం వేరొకరి దగ్గర వుండాలి. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మందులకు లెక్కల పుస్తకం చట్టమే పెట్టమన్నది. వాటిని తీసినప్పుడూ, మిగిలింది పారబోసినప్పుడూ ఇద్దరి సంతకాలు వుండాలి. రాత్రి డ్యూటీలు తగ్గించాలి. వారానికోసారి ఎలా వున్నావని అడిగే తోటి మనిషి ఒకరు వుండాలి. ముందు చెప్పకుండా పరీక్ష జరగాలి. ఈ పనులకు పెద్ద భవనాలు అక్కరలేదు. ఒక పుస్తకం, రెండో సంతకం, ఒక ఓర్పు గల పెద్దమనిషి వుంటే మొదలుపెట్టవచ్చు.

ఊరి జనం వంతు కూడా వుంది. పెళ్లి పందిట్లో ఆయన చేతికి గ్లాసు ఇవ్వకపోవడం, "ఒక్కటేగా" అని బలవంతం చేయకపోవడం, పాత సంగతి ఎత్తి పొడవకపోవడం. కోలుకున్న వైద్యుడు తాగుడు మానదలచిన పాలేరుకైనా, పట్వారీ కొడుకుకైనా చెప్పగల మాట మరెవరూ చెప్పలేరు.

డిపోలో గొట్టం ముందు నిలబడే డ్రైవరు అవమానపడడు. రేపు మళ్లీ ఊదాలని తెలిసినందువల్లనే రాత్రి ఒక గ్లాసు తగ్గించేవారు వుంటారు. బస్సులో కూర్చున్నవారికీ ఆ పరీక్షే ధైర్యం. దవాఖానలోనూ అటువంటి ఏర్పాటు వస్తే, సూది పట్టిన చేతికి అది అవమానం కాదు, ఆసరా. వైద్య మండలి, ఆరోగ్య శాఖ, వైద్య కళాశాలల పెద్దలు ఈ మూడో దారి గురించి ఆలోచించవలసి వుంది.